నడుం పట్టిన చెయ్యి

ఈ కుర్చీ ఏంది గిట్ల తిరుగుతున్నది, అనుకుంటూ సాయమ్మ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది, మాదాపూర్‌లో కొత్తగా లేచిన ఈ అద్దాల మేడలో ఆషాఢంలోనే చలికాలం వచ్చినట్టుంది, నిన్ననే నానక్‌రామ్‌గూడలో బోనం ఎత్తింది కదా, కాళ్లకు పసుపు ఇంకా పోలేదు, నడుముకు చెక్కుకున్న వేపరెమ్మలూ అట్లాగే ఉన్నాయి, అదిగో మనవరాలు శ్రీలత మైకు ముందుకు వచ్చింది, బక్కపిల్ల, ఏమన్నా తిన్నదో లేదో, ఒక్క పనిలో కుదురుగా ఉండదని వాళ్లమ్మ యాదమ్మకు ఎంత పరేషాన్, మొదట పేపర్లో వార్తలు రాసింది, లింగంపల్లి హాస్టల్లో పింకీ అనే పిల్ల నాలుక మీద మత్తుకాగితం పెట్టుకుని గోడలు కరిగిపోతున్నాయని అరుస్తుంటే పోలీసులు ఠాణాలో ఒంటరిగా వేసి తాళం పెట్టారని రాసింది, రాసిన నాడు అన్నం ముట్టలేదు, వార్త రాస్తే అయిపోతదా అమ్మమ్మా, ఆ పిల్ల పక్కన ఒక్కరన్న కూసోలే అంది, ఆ ఉద్యోగం విడిచిపెట్టి పెద్ద చదువుకు పోయింది, అటువంటి మందులు మనసును ఏం చేస్తాయో, కుంగిపోయినవాళ్లకు ఏమన్నా పనికొస్తాయో అని ఏళ్ల తరబడి పరిశోధన చేసింది, ఇప్పుడేమో చట్టం మార్చాలంటుంది, ఏందే, వార్తలు పాయె, చదువు పాయె, ఇగ చట్టమా, అంటే పకపకా నవ్వింది, ఈ కమిటీ సార్లు ఇవాళ ఒప్పుకుంటే, మత్తులో దొరికినవాళ్లను జైలుకు కాక దవాఖానకు పంపాలని సర్కారుకు రాస్తారట, కాదంటే పిల్ల ఇన్నేళ్ల కష్టం మట్టిపాలే.

మత్తులో ఉన్నవాళ్లను ఒంటరిగా వదలొద్దని పిల్ల చెప్పగానే కమిటీ పెద్దసారు కళ్లద్దాలు తీశాడు, అయితే ఏంటమ్మా, మత్తు తిన్నవాళ్ల పక్కన కూర్చుని విసనకర్రతో విసరమంటారా అన్నాడు, అందరూ నవ్వారు, శ్రీలత చేతిలో కాగితం వణికింది, ఆపైన భుజాలు, చూపు ఎటో పోయింది, ఈ చూపు సాయమ్మకు ఎరుకే, నిన్న బోనాల డప్పు జోరులో వాడకట్టు మల్లమ్మకు ఇట్లాగే మొదలైంది, మల్లమ్మకు ఎప్పుడు పూనకం వచ్చినా వెనక నిలబడి నడుం పట్టేది తనే, ఊగనిస్తూ, పడనీయకుండా, అయ్యో, అమ్మవారు పిల్ల మీదికి వచ్చింది, ఇక్కడ పట్టేవాళ్లే లేరు, తిరిగే కుర్చీని నెట్టేసి గబగబా పోయి వెనకనుంచి నడుం పట్టుకుంది, నుదుటికి వేపరెమ్మ ఆనించింది, ఫికర్ లేదు బిడ్డా, నేనున్న, శాంతించు తల్లీ, శాంతించు.

పూనకం కాదే అమ్మమ్మా, భయమయితున్నది, అని శ్రీలత గుసగుసలాడితే ఆ గుసగుస మైకులో పడి హాలంతా మోగింది, పెద్దసారు నవ్వు ఆపుకోలేక కడుపు పట్టుకున్నాడు, శ్రీలత కూడా నవ్వేసింది, వణుకు ఆగింది, సాయమ్మ సిగ్గుపడి చెయ్యి తీయబోతే, వదలకే, జర గట్లనే పట్టుకో అంది, మళ్లీ మైకు వైపు తిరిగి, సార్, నేనడిగేది ఇదే, తిరిగి తెలివిలోకి వచ్చేదాకా పక్కన ఒక మనిషి, అంది, ఎవరూ నవ్వలేదు, పెద్దసారు కళ్లద్దాలు పెట్టుకుని, దవాఖాన మాట రాసుకోవయ్యా అని పక్కాయనతో అన్నాడు, మనవరాలి వీపు వెచ్చగా అరచేతికి తగులుతోంది, వార్తలట, చదువట, చట్టమట, యాదమ్మకు చెప్పాలి, పిల్ల ఎటూ తిరగలేదే, ఠాణాలో ఒక్కతే అరిచిన ఆ పింకీ నడుం పట్టుకోవడానికే ఇన్నేళ్ల నుంచీ నడుస్తోంది.