నాలుగు గంటల నిద్ర

కళావతి మాస్కును సబ్బునీళ్లలో కడిగి దండెం మీద ఆరేసింది. తీగకు వేలాడుతున్న ఆ ముక్కు ఆకారాన్ని చూసి, వాకిట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అత్త లీలమ్మ తల తిప్పుకుంది.

"లోపల ఆరెయ్యరాదే? గల్లీల అందరు చూస్తున్నరు. ఆక్సిజన్ దాక వచ్చిందంటే ఇగ ఏమున్నది చెప్పు."

"ఆక్సిజన్ కాదత్తమ్మా. ఉత్త గాలే."

"ఉత్త గాలికి మిషనెందుకే మరి?"

నిద్రలో తన గొంతు మూసుకుపోతుందని, ఊపిరి ఆగి మళ్లీ ఆడుతుందని, ఈ మిషన్ గాలిని నెట్టి ఆ దారిని తెరిచి ఉంచుతుందని కళావతి ఇప్పటికి నాలుగుసార్లు చెప్పింది. కరోనా రోజుల్లో చాంద్రాయణగుట్టలోని ఆ గల్లీ నుంచి ముక్కుకు గొట్టం పెట్టుకుని వెళ్లిన ఇద్దరు తిరిగి రాలేదు. లీలమ్మకు గొట్టమంటే అదే.

అసలు గురకతో మొదలైంది ఇదంతా. భర్త ఇస్సాకు కరెంటు ఆఫీసులో హెల్పరు. అతను గురక పెడితే "పాపం, స్తంభాలెక్కి అలసిండు" అనేది లీలమ్మ. కళావతి గురక పెడితే ఇస్సాకు భుజం పట్టి ఊపేవాడు. "ఏందే లొల్లి, ఆడదానివేనా? ఆ పక్కకు జరుగు." ఆమె జరిగి జరిగి చివరికి వంటింటి గడప దగ్గర చాప వేసుకుంది. అఫ్జల్‌గంజ్‌లో ఆమె అటెండరుగా చేసే ఆఫీసులో, స్టూలు మీద కూర్చున్న చోటే తల వాలిపోయేది. మహేశ్వరి మేడం దాన్ని ఫోన్లో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టింది, గురక చప్పుడుతో సహా. "కళావతీ, ఆఫీసంటే ఇల్లనుకున్నవా?" అన్నాడు సూపరింటెండెంటు. అందరూ నవ్వారు. ఇంట్లో నిద్రపోవడానికి తనను ఎవరు వదిలారని ఆమె మనసులోనే అనుకుంది.

డాక్టరు రాసిన నిద్ర పరీక్ష కోసం ఆస్పత్రిలో ఒక్క రాత్రి పడుకోబెట్టారు. తలకూ, ఛాతీకీ తీగలు అంటించారు. సగం రాత్రి దాటాక మాస్కు పెట్టారు. మొదట ఎవరో ముఖం మీద చెయ్యి పెట్టి నొక్కినట్టయింది. తర్వాత ఏమైందో ఆమెకు తెలియదు. కల వచ్చింది. ఎన్నో ఏళ్ల తర్వాత వచ్చిన కల. చిన్నప్పటి డబుల్ డెక్కర్ బస్సులో పైఅంతస్తు ముందు సీట్లో ఒక్కతే కూర్చుంది. ఒళ్లో సంచి లేదు, చేతిలో టిఫిన్ డబ్బా లేదు. బస్సును ఎవరో నడుపుతున్నారు. దిగవలసిన స్టాపు ఏదీ లేదు. మూసీ మీది గాలి చల్లగా తగులుతోంది. తెల్లవారి నర్సు లేపేసరికి తల దూదిలా తేలికగా ఉంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి నర్సు కంగారుపడింది.

"నొప్పి లేస్తున్నదా అమ్మా?"

"లేదు బిడ్డా. మస్తు మంచిగున్నది. గందుకే."

ఆ నిద్ర మళ్లీ కావాలి. ఒక చీర మీద, ఒక మనిషి మీద ఎన్నడూ ఇంత ఆశ పుట్టలేదు ఆమెకు. మధ్యాహ్నం బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడ్డప్పుడు కూడా అదే గుర్తొచ్చేది, ఎప్పుడో తప్పిపోయిన స్నేహితురాలు గుర్తొచ్చినట్టు. ఆఫీసు మెడికల్ కార్డు మీద ముప్పై రోజులు వాడి చూడమని మిషన్ ఇచ్చినప్పుడు, పెట్టెను బస్సులో ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ చుట్టి తెచ్చుకుంది.

ఇంట్లో మరిది ప్రేమ్‌రాజ్ చూసి పకపకా నవ్వాడు. "వదినా, విమానం ఎన్ని గంటలకు లేస్తది?" ఆమె కూడా నవ్వింది. పట్టీ బిగిస్తే చెంపల మీద చారలు పడ్డాయి, వదులు చేస్తే పక్కనుంచి గాలి ఈల వేసింది. మిషన్ ఇచ్చిన కంపెనీ అమ్మాయి స్రవ్య చెప్పినట్టు, సాయంత్రాలు ప్లగ్గు దగ్గర చతికిలబడి, మాస్కు పెట్టుకునే బియ్యంలో రాళ్లు ఏరింది. వారానికల్లా ముఖానికి అలవాటైంది. ఇంటికే అలవాటు కాలేదు.

మొన్న మంగళవారం స్రవ్య వచ్చి ఫోన్లో రికార్డు చూపించింది. ఒక్కో రాత్రికి ఒక్కో ఆకుపచ్చ గీత. ఏ గీతా నిండుగా లేదు, ఎలుక కొరికిన తాడులా తెగి తెగి ఉంది.

"ఆంటీ, రోజూ ఒంటిగంటకు తీసేస్తున్నారు. మళ్లీ రెండున్నరకు. మూడున్నరకు తీస్తే ఇక పెట్టుకోవడమే లేదు. ఊపిరాడట్లేదా?"

కళావతి నోరు తెరిచేలోపే ఇస్సాకు అందుకున్నాడు. "ఆమెకు పడ్తలేదమ్మా. ఒక్కటే పీకి పారేస్తది. తీస్కపోన్రి."

"వచ్చే మంగళవారం దాకా చూద్దాం అంకుల్. రోజుకు నాలుగు గంటలన్నా దాటకపోతే కార్డు మీద ఇవ్వరు. అప్పుడు తీసుకుపోవాల్సిందే."

కళావతి ఆ గీతల్లోని తెగిన చోట్లనే చూస్తూ ఉండిపోయింది. ఒంటిగంటకు ప్రేమ్‌రాజ్ డ్యూటీ దిగి వస్తాడు. తాళంచెవి ఇస్తానంటే లీలమ్మ ఒప్పుకోలేదు. "ఇల్లన్నంక తలుపు తీసే మనిషుండాలె." రెండున్నరకు లీలమ్మను బాత్రూంకు పట్టుకుపోవాలి. ఆమె మోకాళ్ల నొప్పి అబద్ధం కాదు. కానీ చేయి చాస్తే అందే మంచం మీద ఉన్న కొడుకును దాటి, గడప దగ్గరి కోడలినే పిలుస్తుంది. "వాడు పొద్దున డ్యూటీకి పోవాలె గదే." కళావతికీ పొద్దున డ్యూటీ ఉంది. మూడున్నరకు నల్లాలో నీళ్లొస్తాయి, పట్టి పెట్టాలి. తన రాత్రిని ఇన్ని ముక్కలు చేసింది ఎవరో ఆ మిషన్‌కు తెలుసు, పేర్లే తెలియవు.

శనివారం ఆఫీసు నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు చెప్పుల కుప్ప. ఆక్సిజన్ పెట్టారని లీలమ్మ చర్చి సంఘంలో చెప్పింది. కోడలి స్వస్థత కోసం పాస్టరు అయ్యగారు ఇంట్లో ప్రార్థన కూటం పెట్టారు. పదిహేను మంది బ్రెడ్డు, అరటిపండ్లు పట్టుకుని వచ్చారు.

"వచ్చినవా? జల్ది ఛాయ్ పెట్టు. నీ కోసమే వచ్చిన్రు, మొకం మంచిగ పెట్టు" అంది లీలమ్మ.

కళావతి బ్యాగు పక్కన పడేసి పొయ్యి వెలిగించింది. పక్కింటి బేబీ వెనకే వచ్చి ఆమె చేయి పట్టుకుంది. "అక్కా, ఎన్ని దినాలన్నరు?"

"ముప్పై దినాలు. ఇరవయ్యేడు అయిపోయినయ్."

బేబీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అది మిషన్ గడువని చెప్పి ఆమెను ఊరుకోబెట్టేసరికి పాలు పొంగాయి.

పాటలయ్యాక అయ్యగారు చిన్న పుస్తకం తెరిచారు. ప్రార్థన మనవులు రాసుకోవడం ఆయన అలవాటు. ఎవరు ఏది అడిగితే దాన్ని వాళ్ల పేరుతో పైకి చదివి ప్రార్థిస్తారు.

"మా కోడలికి ఊపిరి..." లీలమ్మ మొదలుపెట్టింది.

"ఆమెనే చెప్పనియ్యమ్మా. చెప్పు కళావతీ, నీ మనవి ఏంది?"

కళావతి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది. అందరి ముందు ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. ఇస్సాకు ఏమీ వద్దన్నట్టు కళ్లతోనే చెప్పాడు. మంగళవారానికి ఇంకా మూడు రాత్రులే ఉన్నాయి.

"మిషన్ నాకు పడ్తున్నది అయ్యగారూ. నన్నే పండుకోనిస్తలేరు. ఒంటిగంటకు ప్రేమ్‌రాజ్‌కు తలుపు తీసేటోళ్లు కావాలె. రెండున్నరకు అత్తమ్మను పట్టుకునేటోళ్లు కావాలె. మూడున్నరకు నల్లా పట్టేటోళ్లు కావాలె. గీ ముగ్గురి కోసం దేవుని అడుగున్రి. నా ఊపిరి సంగతి మిషన్ చూసుకుంటది."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. ఇస్సాకు మెడ దాకా ఎర్రబడ్డాడు. అయ్యగారి కలం ఒక క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

"కన్నులు మూసుకుందాం" అన్నారు.

అందరూ కళ్లు మూసుకున్నారు. "ప్రభువా, ఒంటిగంటకు తలుపు తీయుటకు ఈ గృహములో ఒకరిని లేపుము" అన్న మాట వినిపిస్తుండగా కళావతి పొయ్యి కట్టేసింది. లోపలి గదిలో ఇస్సాకు మంచం పక్కనే గోడకు ప్లగ్గు ఉంది. మిషన్‌ను అక్కడ పెట్టింది. మంచం మీద పడుకుని, పట్టీలు సరిచేసుకుని, మీట నొక్కింది. గాలి మెల్లగా వచ్చింది.

ప్రార్థన ముగిసి అందరూ ఆమేన్ అన్నారు. కాసేపటికి వంటింట్లో గిన్నెలు గలగలలాడాయి. ఒక్కో డబ్బా మూత తీసి పెడుతున్న చప్పుడు.

"అమ్మా, చక్కెర ఏడున్నదే?" ఇస్సాకు గొంతు.

"నాకేమెరుక బిడ్డా? కళావతినే అడుగు."

"కళా, చక్కెర డబ్బా ఏడ పెట్టినవ్?"

చెప్పాలంటే మాస్కు తీయాలి. ఆమె తీయలేదు.