మూత తీసే పాట

పెళ్లైన కొత్తలో అందరూ కొండలకో సముద్రానికో వెళ్తారు. మా ఆయన నన్ను మా అత్తయ్య నడిపే భోజనశాలకి తీసుకెళ్లాడు, ఉల్లిపాయలు తరగడానికి. ఇద్దరం ఎదురెదురుగా కూచుని, ఒకే బుట్టలో చెయ్యి పెట్టి, వేళ్లు అనుకోకుండా తగిలినట్టు నటిస్తూ, కళ్ల నీళ్లు కారుతుండగా నవ్వుకునేవాళ్లం. కొండలెక్కినవాళ్లు ఇంత నవ్వి ఉంటారని నేననుకోను.

"ఒరేయ్, ఆ ఉల్లిపాయ ఇందాకట్నుంచీ నీ చేతిలోనే ఉంది," అనేది అత్తయ్య గరిటె ఊపుతూ. "కోడలి మొహం ఎక్కడికీ పోదు. ముందు ఉల్లిపాయ సంగతి చూడు!"

ప్రార్థన మందిరం వెనక పొడవాటి రేకుల గది అది. ఎవరొచ్చినా మధ్యాహ్నం అన్నం పెడతారు. ఖర్చు మందిరానిది, చాకిరీ అత్తయ్యది. ఆవిడకి ఒకటే గొప్ప. "నీ దేవుడెవరని ఇక్కడ ఎవర్నీ అడగం. ఆకలేస్తోందా లేదా, అంతే."

కానీ పొయ్యిలు పాడైపోయాయి. కొన్ని మండవు, మండేవి గదంతా పొగ చేస్తాయి. విరాళాలు తగ్గిపోయాయి. వానలు పడేలోగా వంటగది బాగుపడకపోతే భోజనశాల మూసేస్తామని మందిరం పెద్దలు తేల్చేశారు. ఆ రోజు అత్తయ్య అన్నం ముట్టలేదు. మిగిలిన దారి ప్రభుత్వ గ్రాంటు ఒక్కటే. చదువుకున్న కోడల్ని కదా, ఆ పని నా నెత్తిన పడింది.

గ్రాంటుకి ఒక షరతుంది. అన్నం కోసం ఎవరూ ప్రార్థన చెయ్యాల్సిన పని ఉండకూడదు.

"అదెంత భాగ్యం! మనమెప్పుడు ఎవర్ని బలవంతపెట్టాం?" అంది అత్తయ్య.

నిజమే. భోజనానికి ముందు దేవుడి మీద ఒక పాట పాడతారు. ఇష్టమున్నవాళ్లు గొంతు కలుపుతారు. అయినా నా భయం నాది. తనిఖీ రోజు పాట మానేద్దామన్నాను. అత్తయ్య మొహం చిన్నబోయింది.

"ఒక్క రోజే అత్తయ్యా."

"సర్లే. ఆయనకీ ఒక రోజు సెలవు కావాలిగా," అంది పైకి చూసి.

తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ మేం వేసిన కుర్చీ వంక కూడా చూడలేదు. ఒక కంచం తీసుకుని అందరితోపాటు వరసలో కూచుంది.

గది మధ్యలో అన్నం గుండిగ. దానిమీద పెద్ద మూత. మూత మీద అత్తయ్య చెయ్యి. మా ఆయన గరిటెతో సిద్ధంగా ఉన్నాడు. అందరూ కంచాల ముందు ఉన్నారు. మూత మాత్రం కదలదు.

పక్కకి జరిగి, "తీయండి అత్తయ్యా," అన్నాను మెల్లిగా.

"మగ్గిందో లేదో."

"మీకు తెలీదా?"

"పాట లేకుండా ఎలా తెలుస్తుందే? పొయ్యి మీంచి దించి పాట ఎత్తుకుంటాను, పాట అయ్యాక మూత తీస్తాను. ఇన్నేళ్లూ అంతే."

"ఫోన్‌లో టైం చూసుకుందాం," అన్నాడు మా ఆయన.

"పాట ఎంతసేపు పడుతుందో ఎవడు చూశాడురా?"

అప్పుడే ముందు వరసలోంచి గొంతు సవరించుకున్నాడు లేడు తాతయ్య. కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఏ మాట మొదలెట్టినా దేవుడు లేడనే ముగిస్తాడు కాబట్టి ఆయనకా పేరు.

"ఏంటమ్మాయ్, ఇవాళ పాట లేదా? ఇక్కడ కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి," అని, ఎవరూ అడక్కుండానే గట్టిగా ఎత్తుకున్నాడు. వరసంతా అందుకుంది. నేను ఇన్‌స్పెక్టరమ్మ వైపు చూడలేక గరిటెను చూస్తూ నిలబడ్డాను. ఆఖరి మాట పూర్తవగానే అత్తయ్య చెయ్యి దానంతటదే మూత ఎత్తేసింది. గుప్పుమని ఆవిరి.

ఇన్‌స్పెక్టరమ్మ తాతయ్యకేసి తిరిగింది. "మీకు చాలా భక్తి అనుకుంటా."

"భక్తా! దేవుడే లేడు."

"మరి పాడారుగా?"

"పాడకపోతే మూత లేవదమ్మా. ఎంత తొందరగా పాడితే అంత తొందరగా అన్నం. ఈ వెనకవాళ్లున్నారే, సాగదీస్తారు, వాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది నాకు."

గదంతా ఘొల్లుమంది. అత్తయ్య నవ్వలేదు. మూత మీంచి నీళ్లు పాదాల మీద కారుతున్నా అలాగే నిలబడింది.

"బాబాయ్, ఇన్నేళ్లూ అన్నం కోసమే పాడావా? నేనెప్పుడైనా పాడమన్నానా?"

"నువ్వడగలేదమ్మాయ్. మూత అడిగింది."

ఇన్‌స్పెక్టరమ్మ తిని, కూర మారు వడ్డించుకుని, చెయ్యి కడుక్కుంది. "ఇలాగైతే సరేనని నేను రాయలేనండి. మళ్లీ వస్తాను. ఈసారి చెప్పి రాను," అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నా తెలివి పాదరసంలా పరుగెత్తింది. గదిలో తెర కడదామన్నాను, పాట బయట వరండాలో పాడిద్దామన్నాను. అత్తయ్య విని విని, "గ్రాంటు సంగతి కాదే," అంది. "బాబాయ్ అంత గొంతెత్తి పాడుతుంటే నేను మురిసిపోయేదాన్ని. ఆకలితో అరుస్తున్నాడని తెలీలేదు నాకు."



మర్నాడు అత్తయ్య వంటగది తలుపు దగ్గరగా వేసుకుని, గుండిగ పక్కన నిలబడి ఒక్కతే పాడుకుంది. పాట అయ్యాక మూత అక్కడే వదిలేసి, మూత లేని గుండిగని గదిలోకి పంపింది. కూచున్నవాళ్లకి కూచున్నట్టే వడ్డించేశాం. మొదటిరోజు జనం కంచాల వంక, మా వంక గుడ్లప్పగించి చూశారు. తర్వాత అలవాటు పడ్డారు. సుఖాలకి అలవాటు పడటం ఎంతసేపు!

ఇన్‌స్పెక్టరమ్మ అన్నమాట ప్రకారం చెప్పకుండా వచ్చింది. అందరూ తింటున్నారు, ఆవిడా కంచం తీసుకుని కూచుంది. లోపల రెండో గుండిగ దించారు, అత్తయ్య పాట సన్నగా వినిపిస్తోంది. ఉన్నట్టుండి లేడు తాతయ్య నోట్లో ముద్దతోనే అందుకున్నాడు.



"తాతగారూ, అన్నం పెట్టేశారుగా. ఇంకా ఎందుకు?" అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ.

"ఆవిడ రెండో చరణం తప్పు పాడుతోందమ్మా. ఇన్నేళ్లు పాడినవాణ్ణి, విని ఊరుకోమంటావా?"

"లేడు లేడంటూ నాకే నేర్పుతావేంటి బాబాయ్!" లోపల్నుంచి అత్తయ్య.

"ఆయన లేకపోతే రాగం కూడా ఉండదా?"

నవ్వాపుకోలేక ఇన్‌స్పెక్టరమ్మకి పొలమారింది. మా ఆయన పరిగెత్తి మంచినీళ్లిచ్చాడు.

గ్రాంటు వచ్చి, వానలకి ముందే కొత్త పొయ్యిలు దిగాయి. నీలం మంట, పొగ లేదు, అత్తయ్య వాటిని చంటిపిల్లల్ని చూసినట్టు వంగి వంగి చూసుకుంది. అన్నం మగ్గించే పని నాకప్పగించింది. పాట నేర్చుకుని ఒక్కదాన్నే గుండిగ దగ్గర నిలబడ్డాను. తలుపు సందులోంచి మా ఆయన ఉల్లిపాయ చూపించి కన్ను కొట్టాడు. నవ్వొచ్చి ఎక్కడిదాకా పాడానో మర్చిపోయాను. తోచినచోట ముగించి గుండిగ పంపేశాను.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని లేడు తాతయ్య నెమ్మదిగా నమిలాడు. మరికాస్త నమిలాడు.

"కోడలు పిల్లా," అన్నాడు, "ఒక చరణం మింగేశావు కదూ?"