వెన్నముద్ద వైద్యం

మా ఆడపడుచుకు తెలిసిన మందు ఒక్కటే, వెన్న. జలుబు చేస్తే వెన్న, కాలు బెణికితే వెన్న, మనసు బాగాలేకపోతే రెండు ముద్దలు. అందుకే గడియారాలు బాగుచేసే మా ఆయన మసక వెలుతురులో గుమ్మాలకు గుద్దుకోవడం, నడకలో తూలడం మొదలుపెట్టగానే "నీరసంరా తమ్ముడూ" అని తేల్చేసి మోతాదు పెంచింది. అంత పెద్ద వైద్యురాలి ముందు నోరెత్తేదెవరు? నేనూ కొసరి కొసరి వడ్డించాను.

చదువుకున్న డాక్టరు రక్తపరీక్ష చేయించి, పెరాక్సిసోమ్ అనే పేరు చెప్పాడు. కణంలో ఉండే చిన్న సంచి అట. చుట్టూ ఒకే పొర. సొంత జన్యువులు లేవు, కావలసిన ప్రోటీన్లన్నీ బయటినుంచి అందించాలి.

"అచ్చం మా ఆయనేనండీ," అన్నాను. డాక్టరు నవ్వలేదు.

కొన్ని మొండి కొవ్వులను విరగ్గొట్టడం దాని పని. ఆ పనిలో పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ అనే విషాన్నీ అదే విరిచేస్తుంది. ఈయనకు అందులో ఒక ఎంజైమ్ పుట్టుకతోనే పనిచేయడం లేదు. దాంతో వెన్నలోనూ మాంసంలోనూ ఉండే ఫైటానిక్ ఆమ్లం ఒంట్లో పేరుకుపోయి కళ్లను, నరాలను దెబ్బతీస్తోంది.

"పోయిన చూపు రాదు. ఉన్నది నిలవాలంటే వెన్న, మాంసం మానాలి. అలాగని కడుపు మాడ్చుకోకూడదు, ఒంట్లో కొవ్వు కరిగితే ఆ ఆమ్లమంతా రక్తంలోకి వస్తుంది. తోబుట్టువులకూ పరీక్ష చేయించండి," అన్నాడు.

చెబితే వదిన మూతి తిప్పింది. "మా వంశంలో లేని రోగం. నీ వంట తిన్నాకే ఆ సంచేదో చెడిపోయుంటుంది."

ఎంత గొప్ప పరిశోధన!

మూడు నెలలైనా ఆమ్లం తగ్గలేదు. ఒకరోజు మధ్యాహ్నం చూద్దును కదా, వదిన ఆయన అన్నం కింద వెన్న దాస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"మీ తమ్ముడి కళ్లు మీ చేత్తోనే పొడుస్తున్నారు వదినా."

"నాకూ పరీక్ష చేయించు. మా రక్తం ఎలాంటిదో కాగితం మీద చూపిస్తా."

చేయించాను. కాగితం వచ్చేలోపు అనవలసిన మాటలన్నీ వరసగా పేర్చి పెట్టుకున్నాను. వదిన దాన్ని మడత కూడా విప్పకుండా నా చేతికిచ్చింది.

"చదువు."

చదివాను. అదే ఎంజైమ్, అదే ఆమ్లం.

వదిన కుర్చీలో కూలబడింది. "రెండేళ్ల నుంచీ పక్కనుంచి వచ్చే మనిషి కనబడట్లేదు నాకు. నీరసమేలే అని వాడికంటే ఎక్కువే తిన్నాను." కొంగుతో మొహం తుడుచుకుని, "వాడికి చెప్పకు, బెంగపెట్టుకుంటాడు," అంది.

పేర్చుకున్న మాటలన్నీ మింగేశాను. ఆమె మీద ఇంత జాలి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. మంచినీళ్లు తెచ్చి ఆమె పక్కన పెట్టాను. గ్లాసు కోసం బల్ల మీద చెయ్యి తడుముతూ పోయింది. ఒకే ఇంట్లో ఉంటూ, ఎన్నాళ్లుగా అలా తడుముతోందో నేను చూడనే లేదు.