చున్నీ చాటు డబ్బా

నేను ఒక స్టీలు డబ్బాను. నా మూత మీద 'చిట్టూరి వారి గృహప్రవేశం' అని చెక్కి ఉంటుంది. ఆ చిట్టూరి వారెవరో ఇప్పుడు నన్ను వాడుతున్నవాళ్లకు తెలియదు. చిట్టూరి వారు పంచిపెట్టాక, ఒక్కసారైనా మూత తెరవకుండానే మరో రెండిళ్లకు కానుకగా చేతులు మారాను. మనుషులు ప్రేమగా ఇచ్చుకునేవాటిలో సగం ఇలా అటకల మీంచి దిగినవే. ఏలూరులో హైమవతి గారింటికి చేరాక గాని నాలో మెతుకు పడలేదు.

ఆమె కూతురు ప్రణతికి వేరుశనగ పడదు. పడదంటే కడుపులో తిప్పడం కాదు, గొంతు మూసుకుపోతుంది. అందుకే ఆ అమ్మాయి ఎక్కడికెళ్లినా ఇంటి తిండితో నేనూ వెంట వెళ్తాను. అందరూ విస్తళ్ల ముందు కూర్చుంటే తను నన్ను ఒళ్లో పెట్టుకుని, చున్నీ చాటున తెరిచేది. మూత చప్పుడైతే ఆమె చెవులు ఎర్రబడేవి. నాకు తల కొట్టేసినట్టుండేది.

మొన్న వేసవిలో బంధువులంతా వ్యాన్ మాట్లాడుకుని అన్నవరం బయలుదేరారు. దారిలో టిఫిన్‌కి ఒక హోటల్ దగ్గర ఆగారు. ప్రణతి నన్ను తెరిచిందో లేదో సర్వరు వచ్చాడు.

"బయటి తిండి ఇక్కడ తినకూడదండి. బోర్డు చూళ్లేదా?"

"మా అమ్మాయికి ఈ చట్నీలు పడవు బాబూ," అంది హైమవతి.

"ఇంతమంది తింటన్నారు, ఎవరికేమైందండి?" అన్నాడు, హాలంతా వినబడేలా.

పక్క బల్లలవాళ్లు తిరిగి చూశారు. మావాళ్లు తలలు వంచుకుని దోసెలు తిన్నారు. ప్రణతి నాకు మూత పెట్టేసి, ఆకలి లేదంది.

దర్శనమయ్యాక ఒక తోటలో నీడ చూసి విస్తళ్లు పరిచారు. ప్రణతి నన్ను వ్యాన్‌లో సీటు కిందే వదిలేసి దిగింది. తలుపు తీసే ఉండటంతో నాకు అంతా కనబడుతూనే ఉంది. మేనత్త సుగుణ ఇంటి దగ్గర కలిపి తెచ్చిన పులిహోర గిన్నె తెరిచింది. పొద్దుటి అవమానం ఆమెను తొలిచేస్తున్నట్టుంది. ఓ పక్కన కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని మరీ, మేనకోడలి కోసం పులిహోరలోంచి వేరుశనగ గింజలు ఏరింది.

"ఒక్క గింజ కూడా లేదే తల్లీ, నా మీదొట్టు. వేరే డబ్బా ఎందుకు, మాతోపాటు తినవే."

హైమవతి బోరింగు దగ్గర నీళ్లు పడుతోంది. ప్రణతి విస్తరి చూసింది, అత్త ముఖం చూసింది, నేనున్న వ్యాన్ వంక చూసింది. తినకూడదని ఆమెకు తెలుసు. కాదంటే అత్త చిన్నబోతుందనీ తెలుసు. ముద్ద నోట్లో పెట్టుకుంది. నా నిండా పెరుగన్నం ఉంది, నేనేం చేయగలను?

రెండో ముద్దకే దగ్గు మొదలైంది. పెదవులు వాచాయి. ఊపిరి ఆడక గింజుకుంటుంటే వ్యాన్‌లో పడుకోబెట్టి దగ్గర్లోని ఆసుపత్రికి పరుగెత్తారు. సీటు కింద నేను దొర్లుతూ, మోగుతూనే ఉన్నాను. దిగేటప్పుడు హైమవతి ఏం తోచక నన్ను గుండెకు హత్తుకుని దిగింది.

ఇంజెక్షన్ ఇచ్చాక ఊపిరి కుదుటపడింది. "గింజలు ఏరితే సరిపోదమ్మా, అది మెతుకు మెతుకుకీ పట్టి ఉంటుంది," అంది డాక్టరు. సుగుణ గోడకి ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి ప్రణతి కళ్లు తెరిచి అన్న మొదటి మాట, "సారీ అత్తా. అందరి ప్రయాణం పాడుచేశాను."

నాలో అన్నం పులిసిపోయింది. సుగుణే కుళాయి దగ్గర నన్ను కడిగింది. కడిగిందే కడుగుతూ ఏడ్చింది.

ఇప్పుడు ఏ హోటల్‌కెళ్లినా ఆమే ముందు నడిచి, నన్ను బల్ల మధ్యలో టక్కున పెడుతుంది. "మా పిల్ల ఇందులోదే తింటది. ఏమన్నా అనాలంటే నన్నను," అంటుంది. సర్వర్లు మంచినీళ్లు పెట్టి పక్కకెళ్తారు. నేనూ మనిషినైతే కాలు మీద కాలేసుకుని కూర్చునేదాన్ని.

ప్రణతి మాత్రం అందరూ తిండి ధ్యాసలో పడేదాకా ఆగి, నన్ను మెల్లగా ఒళ్లోకి లాక్కుని, చున్నీ కప్పుతుంది.