కొలిమి వెనక గోడ

వెచ్చగా ఉంటుందనే కదా ఊయల అక్కడ కట్టింది, చలికి పిల్ల ముడుచుకుపోతోందనే కదా, తల్లి చేసిన పని తప్పెలా అవుతుంది, అయినా అయింది. ఆ ఆలోచన ఆమె బుర్రలో, జల్లెడలో గులకరాయిలా, తిరుగుతూనే ఉంది, కిందికి జారదు. కూతురు పోయి తొమ్మిది రోజులు. ఐదేళ్ల పిల్ల, ఊయలలో ఉన్నప్పట్నుంచీ ఆయాసమే. రెండు చేతులూ మంచానికి ఆనించి, భుజాలెగరేస్తూ, "గాలి రావట్లేదే అమ్మా" అంది. అదే ఆఖరి మాట.

ఇనుము కరిగించే ఆ కార్ఖానాలో అచ్చులకు ఇసుక జల్లించే ఆడవాళ్లు చంటిపిల్లల్ని కొలిమి వెనక గోడకు ఊయల కట్టి పడుకోబెడతారు. ఆ చోటు కనిపెట్టింది ఆమే. "జలుబు దరికి రాదమ్మా" అని అందరికీ చెప్పిందీ ఆమే. పొగంతా పైకే పోతుందనుకుంది.

అన్నం గంట కొట్టగానే మేనేజరు అందర్నీ ఆవరణలోకి పిలిచాడు. పిల్లల ఆయాసం పుట్టుకతో వచ్చిందేనని రాసిన కాగితం మీద తల్లులు వేలిముద్ర వేయాలట.

"ఉబ్బసం మీ వంశాల్లోనే ఉంది. డాక్టరుగారే రాశారు."

"మా తాత ఎనభై ఏళ్లకి మూటెత్తుకుని మేడెక్కాడు. నువ్వు కుర్చీలోంచి లేస్తేనే రొప్పుతావు. వంశం ఎవరిదయ్యా?" అంది అందరూ పెద్దత్త అని పిలిచే ముసలామె. ఆడవాళ్లు పకపకా నవ్వారు.

నవ్వు ఆగాక ఎవరో మెల్లగా అన్నారు: "నా చిన్నాడికీ ఆయాసమే."

"నా ఇద్దరికీ."

"నా ఒక్కదాని ఖర్మే అనుకున్నానే ఇన్నాళ్లూ!"

ఆమె ఇక ఉండబట్టలేకపోయింది. "ఆ గోడ చూపించింది నేనే. నన్ను కొట్టండి."

పెద్దత్త వచ్చి ఆమె గడ్డం పట్టుకుంది. "పిచ్చిదానా, గోడ చూపించావు. పొగ నువ్వు పోశావా? కొలిమి పొగగొట్టం విరిగి ఆరేళ్లు. కళ్లు మండిపోతున్నాయి, బాగుచెయ్యమని మొత్తుకుంటే చెవిన పెట్టనిదెవరు? వీడి పాపం కూడా నువ్వే మోస్తావా?"

ఆ మాటకు పిల్ల తిరిగి రాదు. అయినా తొమ్మిది రోజుల తర్వాత ఆమెకు ఏడుపొచ్చింది.

"ముద్ర వెయ్యనివాళ్లు రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు మేనేజరు.

"రేపటిదాకా ఎందుకు? గొట్టం నిలబెట్టేదాకా మేమే రాం!" అంది పెద్దత్త. జల్లెడలు ఒకదాని వెంట ఒకటి నేలన పడ్డాయి.

గోడ దగ్గర ఇంకా నాలుగు ఊయలలున్నాయి. రెండు నెలల బిడ్డ తల్లి తటపటాయించింది. "బయట చలి కదక్కా..."

ఆమె కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది. ఊయలలోంచి ఆ పసిదాన్ని ఎత్తి, పైట కప్పి గుండెలకు అదుముకుని, ఆరుబయటికి నడిచింది.