అంచుదాకా పొయ్యండి

"కోటగిరి దాటి ఇంకా పైకెక్కాలండీ. మా తేయాకు కంపెనీ ఊరు చాలా చిన్నది. వారానికో సంత, ఒక చర్చి, ఒక పోస్టాఫీసు. అంతే. కానీ బాల్ బ్యాడ్మింటన్‌కి పైకప్పున్న హాలు కట్టించాం. మంచుకి ఉన్ని బంతి నానిపోతుంది కదా," అన్నాడు సుందరరాజు.

ఎలీసబెతు బ్యాటును గుడ్డసంచిలో పెడుతూ వింటోంది. బందరు వనితా విహార్ క్లబ్బులో ఆ సాయంత్రం ప్రాక్టీసు అప్పుడే అయిపోయింది. సముద్రం మీంచి వచ్చే గాలికి బంతి ఎటు జారుతుందో ముందే తెలిసినట్టు ఆమె ఆడుతుంటే, నీలగిరుల నించి పనిగట్టుకుని వచ్చిన ఈ స్పోర్ట్స్ సూపరింటెండెంటు కుర్చీ అంచున కూర్చుని చూశాడు.

"మా కంపెనీ బళ్ళో డ్రిల్లు టీచరు ఉద్యోగం. మా జట్టులో ఆడాలి. మీ ఆటకి మద్రాసు రాష్ట్రం జట్టులో చోటు ఖాయం. గది ఇస్తాం. భోజనం మెస్సులో."

"మెస్సులో ఎట్టా కూర్చుంటారండీ?"

ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. "బల్ల ముందు కుర్చీలేసుకుని. పొడుగు బల్ల ఒకటే ఉంది. ముందొచ్చినవాళ్ళు ముందు కూర్చుంటారు."

ఎలీసబెతు ఎరిగిన కొండ బెజవాడ కొండ ఒక్కటే, అదీ రైల్లోంచి చూసింది. అయినా ఆ పొడుగు బల్లా, దాని వెనక కిటికీలో మంచూ కంటికి కట్టినట్టు కనిపించాయి. వెళ్ళాలనిపించింది. గట్టిగా అనిపించింది.

"ఎప్పుడు చేరాలండీ?"

"రేపు సాయంత్రం రైలుకి నాతో బయల్దేరాలి. సోమవారం టోర్నమెంటుకి పేర్లిచ్చెయ్యాలి. మీరు కాదంటే కోయంబత్తూరు అమ్మాయి సిద్ధంగా ఉంది. తర్వాత చోటుండదు."

"ఎల్లుండి ఇక్కడ ఫైనల్ కదా."

"అదే అడిగాను మీ సెక్రటరీ గారిని. 'దాని సంగతి మేం చూసుకుంటాం, మీరు శనివారమే తీసుకెళ్ళండి' అన్నారు. అసలు మీ గురించి మాకు రాసింది ఆవిడే. ఎంత మంచి మనసండీ!"

ఎలీసబెతు క్లబ్బు వరండా వైపు చూసింది. సెక్రటరీ మహాలక్ష్మి గారు, ప్లీడరు కోటేశ్వరరావు గారి భార్య, పేము కుర్చీలో కూర్చుని ఇటే చూస్తోంది. చూపులు కలవగానే నవ్వి చెయ్యి ఊపింది.

ఆ క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. డెల్టా కప్పు గెలిచిన రోజున కప్పు నిండా సుగంధి సర్బత్ పోస్తారు. ముందు కెప్టెన్ తాగి సెక్రటరీకి ఇస్తుంది. ఆమె తాగి పక్కవాళ్ళకిస్తుంది. అలా జట్టంతా ఒకే కప్పుకి పెదవులు ఆనించి తాగుతారు. ఇళ్ళల్లో ఎంగిలి పాటించేవాళ్ళు కూడా ఆ ఒక్క పూట పట్టించుకోరు. పట్టించుకోకపోవడమే అక్కడి గొప్ప.

కిందటేడు కెప్టెన్, సెక్రటరీ రెండూ మహాలక్ష్మి గారే. గెలిపించింది మాత్రం ఎలీసబెతు. కప్పు చేతులు మారుతూ స్నేహితురాలు కనకరత్నం దాకా వచ్చింది. తర్వాత ఎలీసబెతు వంతు. ఆమె చేతులు చాచింది. మహాలక్ష్మి మధ్యలో వచ్చి కప్పు అందుకుని, "ఉండమ్మాయ్, నీకు వేరే పోయిస్తాను," అంది. తోటమాలి కాఫీ తాగే గాజు గ్లాసు వంటింటి కిటికీలోంచి వచ్చింది.

ఎలీసబెతు తండ్రి జకరయ్య కోడూరు దగ్గర పల్లెలో మిషన్ బడి పంతులు. ఆ పల్లె ఊరికి ఎటు పక్కన ఉందో వనితా విహార్‌లో అందరికీ తెలుసు.

ఆ రోజు ఆమెకు బాగా దాహంగా ఉంది. గ్లాసు పుచ్చుకుని తాగేసింది. వాళ్ళు ఇచ్చిన తీరు కన్నా తాను తాగడమే ఏడాది పొడుగునా ఆమెను కాల్చింది.

వేసవిలో జరిగే సింగిల్స్ పోటీలో గెలిచినవాళ్ళే ఆ ఏడు కెప్టెన్. ఆ రూలు పెట్టింది మహాలక్ష్మి గారే, ప్రతి ఏడూ తానే గెలిచేది కాబట్టి. ఈ వేసవిలో ఎలీసబెతు ఆవిడను ఓడించింది. నెల తిరగకుండా నీలగిరులకు ఉత్తరం వెళ్ళింది.

"వెళ్ళవే బాబూ," అంది కనకరత్నం. ఆమె తండ్రి గిలకలదిండిలో ఎండురొయ్యల వ్యాపారి. జట్టులో ముందు వరసలో ఆడుతుంది. "ఆవిడ ఎవత్తినైనా తరిమేస్తే నరకానికి తరుముతుంది. నిన్ను నీలగిరులకి తరుముతోంది. నన్ను తరిమితే మూట కట్టుకుని పరిగెత్తేదాన్ని."

"రేపు మీ ఇంట్లో వెడల్పు గిన్నె ఒకటి ఇస్తావా? రెండు పక్కలా కాడలుండాలి."

"దేనికే?"

"నీళ్ళు తాగడానికి."

మర్నాడు కనకరత్నం వాళ్ళ పెరట్లో ఎలీసబెతు ఆ గిన్నెను నీళ్ళతో నింపి, తల వెనక్కి వంచి, పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుంది. చెంబుతో అయితే సన్నటి ధార వస్తుంది. వెడల్పు మూతి గిన్నెలోంచి నీళ్ళు ఒక్కసారిగా ముక్కు మీదా, మెడ మీదా పడ్డాయి. మళ్ళీ పోసుకుంది. మళ్ళీ తడిసింది. కనకరత్నం చూసి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఓసి నీ పగ పాడుగాను! ఇందుకా?"

"కెప్టెన్‌గా నేను ముందు తాగి ఎంగిలి చేశాక ఆవిడ పెదవి ఆనించదు. కప్పు ఇవ్వడానికొచ్చే కలెక్టరు గారి భార్య ముందు తాగనని అనలేదు. ఇంకేం చేస్తుంది?"

"అందుకోసం ఆ కొండల్ని వదులుకుంటావా?"

ఎలీసబెతు జుట్టు పిండుకుంది.

మధ్యాహ్నం బస్సుకి జకరయ్య వచ్చాడు, పరుపు చుట్ట మోసుకుని. కబురు అందగానే ప్రయాణం ఖాయమనుకున్నాడు. "లోపల మీ అమ్మ ఉన్ని శాలువా పెట్టిందమ్మా. మిషన్ దొరసాని దగ్గర అడిగి తీసుకుంది. అక్కడ చలి ఎముకలు కొరుకుతుందట."

"నాన్నా, నేను వెళ్ళటం లేదు."

ఆయన పరుపు చుట్ట మీదే కూలబడ్డాడు. కారణం చెప్పింది. కిందటేటి గాజు గ్లాసు సంగతి ఆయన వినడం అదే మొదటిసారి. కండువా అంచు వేలికి చుట్టుకున్నాడు.

"నేనూ తాగానమ్మా అట్టాంటి గ్లాసుల్తో. అందుకే నిన్ను చదివించా, ఆ గ్లాసులు లేని చోటికి పోతావని. ఇప్పుడు ఆ చోటే పిలుస్తుంటే కాదంటావేంటి? పగ సంగతి దేవుడు చూసుకుంటాడు."

"ఆయన బందరు వచ్చేసరికి ఫైనల్ అయిపోతుంది నాన్నా."

జకరయ్యకు నవ్వు రాబోయింది. ఆపుకున్నాడు.

స్టేషనుకి ఆమే వెళ్ళి సుందరరాజుకు చెప్పింది. ఆయన రెండో టిక్కెట్టు చేత్తో పట్టుకుని ఉన్నాడు. "ఒక్క కప్పు కోసమా అండీ? అక్కడ మీకు దేశమంతా తిరిగే ఆట ఉంది," అన్నాడు.

"కప్పు కోసం కాదండీ. క్షమించండి."

రైలు కదిలింది. ఆయన బోగీ కిటికీలో ఎదురు సీటు ఖాళీగా ఉంది. రైలు చిలకలపూడి వైపు మలుపు తిరిగేదాకా ఆమె ఆ సీటునే చూసింది.

ఆదివారం ఆమె కోర్టులోకి రావడం చూసి మహాలక్ష్మి చేతిలోంచి బ్యాటు జారింది. "వెళ్ళలేదా నువ్వు?"

"మ్యాచి ఉంది కదండీ. మీ కుడి పక్కన నేను కాసుకుంటాను. గాలి అటు లాగుతోంది."

గుడివాడ జట్టు మొదటి గేము తీసుకుంది. రెండోది బందరుది. మూడో గేములో గాలి పెరిగింది. గుడివాడ వాళ్ళు గీత దాటిపోతుందని వదిలేసిన బంతుల్ని గాలి మళ్ళీ లోపలికి తెచ్చి పడేస్తోంది. అవన్నీ ఎలీసబెతు కొట్టినవే. మహాలక్ష్మి కూడా ఆ రోజు బాగా ఆడింది. చివరి పాయింటు బందరుకి పడగానే జనం కోర్టులోకి వచ్చేశారు.

కలెక్టరు గారి భార్య కప్పు ఎలీసబెతు చేతికిచ్చి, "ఇప్పుడు మీ ఆనవాయితీ చూపించండి, దాని కోసమే కూర్చున్నాను," అంది నవ్వుతూ.

సోడా బండి పున్నారావు సుగంధి సీసాలు వంచాడు. కప్పు సగం నిండింది.

"చాలాండీ?"

"అంచుదాకా పొయ్యండి."

ఎలీసబెతు రెండు కాడలూ పట్టుకుని, కప్పుకి పెదవులు ఆనించి, తొందరపడకుండా తాగింది. తగ్గినంత మళ్ళీ పోయించింది. రెండు చేతులతో మహాలక్ష్మికి అందించింది.

"తీసుకోండి. మీ తర్వాత అందరూ ఆగి ఉన్నారు."

మహాలక్ష్మి కప్పు వంక చూసింది. కలెక్టరు గారి భార్య వంక చూసింది. మొహం మీది నవ్వు చెదరకుండానే కప్పును పైకెత్తి, తల వెనక్కి వంచింది.

సుగంధి ఒక్కసారిగా పడింది. కళ్ళలో, ముక్కులో, మెడలోని కాసులపేరు మీద, ఆకుపచ్చ అంచున్న తెల్ల వాయిల్ చీర మీద. ఆవిడ ఉక్కిరిబిక్కిరై దగ్గింది. జనంలోంచి ఎవరో "అయ్యో, అమ్మగారు మంచి దాహం మీదున్నారు!" అన్నారు. నవ్వులు కోర్టు చుట్టూ తిరిగాయి.

"అదేమిటి, మిగతావాళ్ళు కూడా అలా పోసుకోవాలా?" అని అడిగింది కలెక్టరు గారి భార్య, నిజంగానే తెలియక.

"లేదండీ, మామూలుగానే తాగుతాం. సెక్రటరీ గారికే ఇవాళ ఏదో అయింది," అంటూ కనకరత్నం కప్పు అందుకుని, ఎలీసబెతు తాగిన వైపే తిప్పుకుని, మిగిలింది గటగటా తాగేసింది.

ఎలీసబెతు తన తువ్వాలు మహాలక్ష్మి ముందుకు చాచింది. ఆవిడ తీసుకోలేదు. కొంగుతో మొహం తుడుచుకుంటూ, దగ్గరకు వచ్చి, చాలా నెమ్మదిగా అడిగింది.

"కొండలకి ఎప్పుడు ప్రయాణం?"

"వెళ్ళటం లేదండీ. వచ్చే ఏడు కూడా ఇక్కడే ఆడతాను."

"రూలు మార్చగలను, తెలుసా?"

"మార్చండి. ఎందుకు మార్చారో జనం అడిగితే ఇవాళ్టి చీర చూపించండి."

గెలిచిన రాత్రి కప్పు కెప్టెన్ ఇంట్లో ఉంటుంది. మిషన్ కాంపౌండులోని తన గదిలో ఎలీసబెతు దాన్ని బల్ల మీద పెట్టింది. సుగంధి అంచుల్లో జిగురుగా ఎండిపోయింది. చీమలు అప్పుడే బయల్దేరాయి.

జకరయ్య కప్పు తీసుకుని కుండ వైపు నడిచాడు. "పొద్దున్నే తిరిగివ్వాలిగా. కడిగి పెడతా."

"వద్దు నాన్నా. అట్టాగే ఇస్తాను. వాళ్ళే తోముకుంటారు."

ఆయన కప్పు మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

ఆమె పరుపు చుట్ట తాళ్ళు విప్పింది. లోపల శాలువా మెత్తగా, కలరా ఉండల వాసనతో ఉంది. భుజాల మీద ఒకసారి కప్పుకుంది. బందరు ఉక్కపోతకి నిమిషం కూడా ఉంచుకోలేకపోయింది. తీసి, అమ్మ పెట్టిన మడతల ప్రకారమే మడిచి, తండ్రి సంచిలో పెట్టింది.