మా బామ్మర్దికి ఏడీ అని పేరు

మా బామ్మర్ది బట్టలు కుట్టే దుకాణంలోనే నాది ఇస్త్రీ పని. వాణ్ణి అక్కడ చేర్పించింది కూడా నేనే. అందుకని వాడు ఏది పాడుచేసినా ముందు చెమట పట్టేది నాకే.

వాడి కుట్టు చూస్తే సాలెపురుగు సిగ్గుపడి గూడు ఖాళీ చేయాల్సిందే. కాకపోతే కత్తెర కోసమని లేచాడంటే దారిలో దారపుండ కనబడుతుంది. ఉండ పట్టుకుంటే గుమ్మంలోంచి లారీ కనబడుతుంది. వాడి మనసు ఆ లారీ ఎక్కి పక్క దేశంలో టీ తాగి మరీ వెనక్కొస్తుంది. ఈలోపు కౌంటరు దగ్గర్నుంచి మా దుకాణం ఓనరు మేడమ్ కేక: "ఏడీ? ఏడీ వీడు?" ఆ కేకకి వీధిలో ఆగి ఉన్న కార్లు వాటంతటవే లైట్లు వేసుకునేవి. అలా వాడి పేరే ఏడీ అయిపోయింది.

ఆమధ్య ఒక బ్యాంకు ఆఫీసరు కోటుకి రెండూ ఎడమ చేతులే కుట్టాడు. ఆయన తొడుక్కుని అద్దం ముందు నిలబడితే, కుడిచెయ్యి వెనక్కి తిరిగి ఎవరికో టాటా చెబుతున్నట్టుంది. మేడమ్ నవ్వలేదు. "ఇంకొక్కసారి ఇలాంటిది జరిగితే సామాను సర్దుకో" అంది.

మా ఆవిడ తమ్ముణ్ణి చెవి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. ఆవిడ పలుమార్లు పిలిపించి, చిన్నప్పటి సంగతులతో సహా అన్నీ అడిగి, చివరికి "మీకున్నది ఏడీహెచ్‌డీ" అందట. వీడికి రోషం పొడుచుకొచ్చింది.

"ఆ పేరు మీకెవరు చెప్పారండీ? మా దుకాణానికి గానీ వచ్చారా?"

ఆవిడ నవ్వాపుకుని, ఇది బద్ధకం కాదు, పొగరు కాదు, ధ్యాస ఒకచోట నిలవనివ్వని మెదడు తీరే అంత అని చెప్పిందట. పనిచోట ఏం మారిస్తే తేలికగా ఉంటుందో నోరు తెరిచి అడగమందట.

ఆ అడగడమే గండమైంది. మర్నాడు దుకాణం బయట వాడు నా చొక్కా పట్టుకుని ఆపేశాడు.

"బావా, ఏం అడగాలి? మళ్ళీ చెప్పు."

"నువ్వు చెప్పిందే కదరా. గుమ్మం దగ్గర్నుంచి మిషను లోపలి గోడవైపు జరపమని. ఒక్కసారికి ఒక్క పనే చెప్పమని."

"అడిగితే మేడమ్ తీసేస్తుందేమో!"

"నిన్ను ఆవిడ తీసేస్తే నన్ను మీ అక్క తీసేస్తుంది. నడు."

"పోనీ దయ్యం పట్టిందని నువ్వే ఏదో ఒకటి చెప్పరాదూ?"

"నేను చెబితే కోతలనుకుని నవ్వుతారురా, నమ్మరు."

మేడమ్ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఎవరిదో గౌనుకి అంచు మడుస్తోంది. వీడు వెళ్ళి నిలబడ్డాడు. "మేడమ్, నాకు... ఏడీహెచ్‌డీ అండి."

ఆవిడ సూదులన్నీ నిదానంగా అరచేతిలోకి తీసుకుంది. "నేను పిలిచే పేరుకే తోక తగిలించి నాకే వినిపిస్తున్నావా? ఈ కథ మీ బావ అల్లిందేనా?"

మిషన్లన్నీ ఆగిపోయాయి. "అది కాదు మేడమ్, వెనకటి రాజులక్కూడా ఈ జబ్బు..." అని నేను అందుకోబోయాను.

"బావా, నువ్వాగు" అన్నాడు వాడు. "డాక్టరమ్మ చెప్పిన పేరేనండి, వేళాకోళం కాదు. మీరు వరసగా నాలుగు పనులు చెబితే చివరిదొక్కటే చెవిలో మిగులుతుంది. గుమ్మంలోకి ఎవరైనా వస్తే అదీ పోతుంది. నా మిషను ఆ గోడవైపు పెట్టుకోనివ్వండి. ఒకటయ్యాక ఇంకోటి చెప్పండి. కుట్టు నాకు వచ్చండి. అది మీకూ తెలుసు."

మేడమ్ కొక్కేనికి ఇంకా వేలాడుతున్న ఆఫీసరు కోటు వైపు చూసింది. తర్వాత వాడి వైపు చూసింది.

"సరేలే. మిషను జరుపుకో, ఆ కోటు చెయ్యి విప్పు, బొత్తాలు కూడా చూడు, వెళ్తూ వెళ్తూ ఆ ఫ్యాను..."

వాడు కదల్లేదు. "మేడమ్... ఒక్కటి."

అయిపోయింది అనుకున్నాను. మనసులోనే మా ఇంటి అరుగు మీద నా పక్క నేనే పరుచుకున్నాను. ఆవిడ ఊపిరి పీల్చింది చూడండి, కిటికీ తెరలు ఆవిడ వైపు ఒరిగాయి.

"మిషను జరుపుకో" అంది. గౌను అంచు అందుకుంటూ, "పై వారం దాకా చూస్తాను. అప్పటికీ మారకపోతే ఇంక నాతో మాట్లాడకు" అంది.

మిషను ఇద్దరం మోశాం. ఆ గోడ మీద ఒక చెమ్మ మరక తప్ప చూడ్డానికి ఏమీ లేదు. మేడమ్ చెప్పాక వాడు కోటు చెయ్యి విప్పడం మొదలుపెట్టాడు. లేస్తాడేమో, లారీ ఎక్కుతాడేమో అని నేను మెడ చాచి చాచి చూస్తూ, ఎవరిదో చొక్కా కాలరు మాడ్చేశాను. వాసన వస్తున్నా వాడు తలెత్తలేదు.

మధ్యాహ్నం ఆఫీసరు వచ్చాడు. మేడమ్ అలవాటుకొద్దీ గుమ్మం పక్కన ఖాళీ జాగా వైపు చూసి, "ఏడీ?" అని కేక పెట్టింది. బయట కార్లు వెలిగాయి. మేమందరం వీధిలోకే చూశాం.

"ఇక్కడే ఉన్నానండి" అని లోపలి గోడ దగ్గర్నుంచి వినబడింది. "కుడి చెయ్యే. అవుతోంది."

మేడమ్ గొంతు దాకా ఇంకో పని వచ్చింది. రావడం నాకు కనబడింది కూడా. ఆవిడ దాన్ని మింగేసింది.

"అదయ్యాక పిలువు" అని సూదులు నోట్లో పెట్టుకుంది.